మళ్లీ అంతే పడాలి

కాలిన తుపాకీ మందు వాసన నాకు ఇష్టమని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మల్లెపూల వాసన ఇష్టమనో, కొత్త పుస్తకం వాసన ఇష్టమనో అంటే ఎవరూ ఏమీ అనుకోరు. తూటా పేలాక ఖాళీ ఇత్తడి గొట్టంలోంచి వచ్చే ఆ ఘాటు, కాస్త కాలిన వార్నిష్‌లా, కాస్త గంధకంలా ఉండే ఆ వాసన ఇష్టమంటే మా అమ్మ ముందు నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూస్తుంది. అందుకే చెప్పలేదు. ఆ వాసనకు నా మనసులో ఒక మనిషి ముఖం ఉంది. ఆ మనిషి గురించి కూడా ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

నేను మచిలీపట్నంలో ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పోయిన వారం ఒక అమ్మాయి పొడి తూచి, అంకె వైపు సరిగ్గా చూడకుండానే "దాదాపు అంతే మేడమ్, పర్లేదు" అంది.

"దాదాపు వద్దు. ఒంపేసి మళ్లీ తూచు" అన్నాను.

గది చివరి దాకా వినపడింది. పిల్లలందరూ తలలెత్తి చూశారు. నా గొంతు అంత దూరం వెళ్తుందని వాళ్లకే కాదు, నాకూ తెలియదు. ఆ మాట నాది కాదు. గుడివాడలో ఒక ఇంటి వెనకగదిలో, ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను ఆపేసి కూర్చునే ఒకావిడది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆ సాయంత్రం డైరీలో నాలుగు వాక్యాలు రాద్దామని కూర్చుంటే అవి ఇంతయ్యాయి.

నేను గుడివాడలో చదువుకున్నన్నాళ్లూ ఆవిడ ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. వీధిలో అందరూ ఆవిడను తుపాకీ పిన్నిగారు అనేవారు. ఎదురుగా మాత్రం పిన్నిగారే. అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉండేవారు. గురి చూసి కాల్చే పోటీలకు వెళ్లేవారు కాబట్టి రైఫిల్‌కు లైసెన్సు ఉండేది. తన తూటాలు తానే నింపుకోవడానికి అనుమతి ఉండేది. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ తుపాకీ దొంగల కోసమనుకునేవారు. "దొంగ మూడొందల మీటర్ల దూరంలో, కదలకుండా, గుండె మీద తెల్ల కాయితం అంటించుకుని నిలబడితే కాలుస్తాను. దగ్గరకొస్తే నా వల్ల కాదమ్మా, కర్ర తీసుకోవాల్సిందే" అనేవారు.

నాకు అప్పట్లో మాట బయటికి వచ్చేది కాదు. మెట్ల మీద ఎదురుపడితే గోడకు అతుక్కుని దారిచ్చేదాన్ని. ఒకరోజు మెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే ఆవిడ వచ్చి నిలబడ్డారు.

"ఆ పుస్తకంలో మనుషులు మాట్లాడుకుంటారా?"

"మాట్లాడుకుంటారండీ."

"ఏంటీ?"

"మాట్లాడుకుంటారండీ."

"మరి వాళ్లకున్న పాటి నోరు నీకెందుకు లేదే?"

పుస్తకం మూశాను. ఆవిడ నవ్వలేదు. "కాలేజీలో మీకు తూకాలు వేయడం నేర్పుతారటగా. నా కళ్లజోడు ఆ సన్న అంకెల దగ్గర మొరాయిస్తోంది. ఆదివారం వెనకగదిలోకి రా. మందు ముట్టుకోవద్దు, ఆ లైసెన్సు నాది. తక్కెడ మీద ఎంత చూపిస్తోందో గట్టిగా చెప్పు, చాలు" అన్నారు.

అలా ఆ గదిలోకి వెళ్లాను.

ఆ గదికి ఆవిడ పెట్టిన నియమాలు వంటింటి మడిని మించి ఉండేవి. గాలికి తక్కెడ కదులుతుందని ఫ్యాను కట్టేయాలి. సెల్‌ఫోన్లు హాల్లోనే వదిలేయాలి. రాపిడికి నిప్పురవ్వ పుడుతుందని నైలాను బట్టలు కట్టుకుని రాకూడదు, నూలువే. అందుకే పెడన నేత చీరలు రెండు ఆ పనికే కేటాయించుకున్నారు. మందుకు చెమ్మ తగులుతుందని ముసురు పట్టిన రోజున తలుపే తీసేవారు కాదు. బల్లకు బిగించిన ఒక చిన్న యంత్రం ఉండేది. పైన గాజు గొట్టంలో మందు పోస్తారు. పక్కన మీట పైకెత్తి దించితే లోపలి గూడు నిండి, ఒక తూటాకు సరిపడా మందు కింద గిన్నెలో పడుతుంది. తూచి, సరిగ్గా ఉంటే దాన్ని ఇత్తడి గొట్టంలో పోస్తారు. ఆవిడ దాన్ని బుల్లి కుంచం అనేవారు.

ఆ మీటను ఆవిడ ఎత్తడం, దించడం చూస్తే మగ్గం దగ్గర చెయ్యి గుర్తొచ్చేది. ఎత్తడం ఒకే వేగం, పైన ఒక చిన్న ఆగడం, దించడం ఒకే వేగం. మధ్యలో ఊపిరి కూడా అదే చోట తీసుకునేవారు. గూట్లో మందు గింజలు ఎలా సర్దుకుంటాయన్నది మీట ఎత్తే తీరును బట్టి ఉంటుంది. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి విసురుగా ఎత్తితే కొలత మారిపోతుంది. కొలత మారితే గుండు వేగం మారుతుంది, మూడొందల మీటర్ల దూరాన కాయితం మీద పైకో కిందికో పోతుంది. అప్పుడు ఎంత బాగా గురిపెట్టినా ఉపయోగం లేదు. "ఎంత పడిందన్నది తర్వాత సంగతి. మళ్లీ అంతే పడాలి. నాకు కావాల్సింది ఆ 'మళ్లీ'నే" అనేవారు. గాజు గొట్టంలో మందు సగానికి తగ్గనిచ్చేవారు కాదు, బరువు తగ్గితే కింద పడేది మారుతుందని. మార్కెట్ యార్డు వైపు వెళ్లే ధాన్యం లారీ వీధి చివర మలుపు తిరిగి బల్ల అదిరితే, ఆ గిన్నెలో పడింది మారు మాట్లాడకుండా తిరిగి గొట్టంలోకే.

మొదట పడినవాటిని కూడా అలాగే వెనక్కి పోసేవారు. మందు ఇంకా సర్దుకుని ఉండదట. ఆవిడ దివిసీమలో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు వాళ్ల కళ్లంలో ధాన్యం కొలిచే అతను మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అని, తర్వాత రెండు, మూడు అని వెళ్లేవాడట. ఈవిడా బుల్లి కుంచం మీట మొదటిసారి దించి "లాభం" అనేవారు. వెంటనే దాన్ని వెనక్కి పోసేసేవారు. "మా నాన్న చూస్తే ఏడుస్తాడు, లాభం వెనక్కి పోసే పిల్లని కన్నానని" అనేవారు.

మొదటి ఆదివారమే నా వల్ల పని పాడైంది. ఒక కొలత అనుకున్న అంకెకు రవ్వంత తక్కువ చూపించింది. ఆవిడ నా వైపు చూశారు. భోజనానికి పిలిచినవాళ్లు ఉప్పు తక్కువైందా అనడిగితే మనం అనే మాటే నా నోట్లోంచి వచ్చింది.

"పర్లేదండీ. బానే ఉంది."

"అంకె అడిగితే పర్లేదంటావేంటి?"

నేను అంకె చెప్పాను. దానికి ముందువాటిల్లోనూ ఎన్ని 'పర్లేదు'లు కలిశాయని అడిగారు. తెలియదండీ అన్నాను. నిజంగానే తెలియదు. అన్నీ బానే ఉన్నాయని అనిపించి అలా అన్నాను. ఆవిడ వరసగా నిలబెట్టిన ఇత్తడి గొట్టాలన్నిట్లోంచీ మందు తిరిగి పోసేశారు. మధ్యాహ్నమంతా చేసిన పని. కోప్పడతారనుకున్నాను. ఆవిడ చెమట తుడుచుకుని, "నన్ను బాధపెట్టకూడదని అన్నావు. నాకు తెలుసు. కానీ అమ్మాయ్, తక్కెడకి మొహమాటం లేదు. దాని మాట నువ్వు చెప్పేటప్పుడు నీకూ ఉండకూడదు. పద, లాభం" అని మీట ఎత్తారు.

ఆవిడ మరిది నందివాడ దగ్గర చేపల చెరువులు చేసేవారు. ఆయన్ని నేను బాబాయిగారనేదాన్ని. గుడివాడ పనిమీద వచ్చినప్పుడల్లా గది గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వదినగారిని ఏడిపించకపోతే ఆయనకు కాఫీ దిగేది కాదు.

"వదినా, తూచి తూచి మందు వాడిపోయేలా ఉంది. కాస్త కొసరు వెయ్యరాదూ? గట్టిగా పేలుద్ది."

"ఆ తుపాకీ నా చెంప పక్కన పేలుద్దయ్యా, నీ చెంప పక్కన కాదు. కొసరు నీ చేపలకి వేసుకో."

"చేపలకి కొసరు వేస్తేనే పెరుగుతాయి."

"నువ్వూ అట్టాగే పెరిగావు."

ఆయన బొజ్జ తడుముకుంటూ నవ్వేవారు. నేను నవ్వు ఆపుకోలేక తక్కెడ మీద ఊదేస్తే, ఆ కొలతా వెనక్కి పోయేది.

ఆవిడ భర్త కూడా పోటీలకు వెళ్లేవారట. ఆయన పోయాక ఈవిడ రాష్ట్ర పోటీలకు వెళ్లడం మానేశారు. ఇప్పుడు ఇంకొక్కసారి వెళ్లాలని పట్టుదల. తూటాలన్నీ దానికోసమే. నేను మర్యాదకు "పాల్గొనడమే గొప్పండీ" అన్నాను.

"పాల్గొనడానికి వెళ్లే వయసా నాది? గెలవడానికి వెళ్తున్నా. గెలిచి, ఆయన ఫొటో ముందుకెళ్లి, చూశారా, నింపడం ఇలాగ అని చెప్పాలి. ఆయన నింపిన తూటాలు ఒకటి విజయవాడ పోతే ఒకటి బందరు పోయేది."

సాధనకు తోట్లవల్లూరు దాటాక ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న కాల్పుల రేంజికి వెళ్లేవాళ్లం. కారు బాబాయిగారిది. ఆవిడ చీర మార్చుకుని, ప్యాంటు మీద గట్టి కాన్వాసు కోటు తొడుక్కునేవారు. గుడివాడ దర్జీ చేత కుట్టించుకున్నది, అది వేసుకుంటే చేతులు పూర్తిగా కిందికి దిగేవి కావు. చాప మీద బోర్లా పడుకుని, తోలుపట్టీ మోచేతికి బిగించుకుని, చెంప ఆనించాక ఆ మనిషి ఇక కదిలేది కాదు. నేను పక్కన కూర్చుని, మూడుకాళ్ల దుర్బిణీలోంచి చూసి గుండు ఎక్కడ పడిందో చెప్పేదాన్ని. పేలిన ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని. ఖాళీ గొట్టం నా ఒడి పక్కన పడేది. వేడి కాస్త తగ్గాక దాన్ని తీసుకుని, ఆవిడ చూడకుండా వాసన చూసేదాన్ని.

ఏటి గాలిలో నా మాట కొట్టుకుపోయేది. "ఎక్కడా?" అని ఆవిడ, కన్ను తీయకుండానే. మళ్లీ చెప్పేదాన్ని. "నీ గొంతు కృష్ణలో కలిసిపోతోంది. నాదాకా రానీ." అలా అరిచి అరిచి నేర్చుకున్నాను. ఇంటికెళ్లినప్పుడు అమ్మ "ఎందుకే అంత గట్టిగా మాట్లాడతావు" అనడం నాకు ఎంత ఆనందం కలిగించిందో, అది అప్పటి డైరీలో ఉంది.

పోటీ దగ్గరపడింది. ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం "లాభం" అయిపోయి, అసలు కొలతలు మొదలయ్యాయి. నేను అంకెలు చెబుతున్నాను. ఒకటి ఎక్కువ. దాని తర్వాతది తక్కువ. మళ్లీ ఎక్కువ. ఆవిడ కిటికీ సందులో గుడ్డ కుక్కించారు. గాజు గొట్టం విప్పి తుడిచి మళ్లీ బిగించారు. తక్కెడ మీద పరీక్ష బరువు పెట్టి చూడమన్నారు. తక్కెడ సరిగ్గానే ఉంది. మళ్లీ మొదలుపెట్టాం. అంకెలు అలాగే చెదిరాయి.

నేను అప్పటికే చూశాను. మీట పైన ఆగే చోట ఆవిడ చెయ్యి ఆగడం లేదు. బొటనవేలు, చూపుడువేలు సన్నగా, లోపల ఎవరో గోరుతో మీటుతున్నట్టు కదులుతున్నాయి. ఒక వణుకుకు గింజలు మరికాస్త సర్దుకుంటున్నాయి, ఇంకోసారి లేదు. కొన్ని వారాలుగా కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారని అప్పుడే గుర్తుకొచ్చింది.

గుమ్మంలో బాబాయిగారు ఈసారి వేళాకోళం ఆడలేదు. నాకేసి చూసి, బావుందని చెప్పెయ్ అన్నట్టు తల ఊపారు. ఆయనా ఆ వేళ్లను చూశారు.

"నేను మీట ఎత్తనా అండీ?" అన్నాను.

"నువ్వు నింపింది కాల్చి నా స్కోరని ఎలా చెప్పుకోను? పైగా నీకు లైసెన్సు లేదు." మీట మీంచి చెయ్యి తీయలేదు. నా వైపు తిరిగారు. "అమ్మాయ్. యంత్రమా, నేనా?"

ఆ ప్రశ్న అడిగేటప్పటికి ఆవిడకు జవాబు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పే మాటతో ఆవిడ పోటీకి వెళ్లడం ఆగిపోతుందని మాత్రం మా ముగ్గురికీ తెలుసు. వేడికి గదంతా ఉడికిపోతోంది. నా నాలుక మీద ఆ పాత 'పర్లేదండీ' సిద్ధంగా కూర్చుని ఉంది. చెప్పేస్తే ఎవరికీ కష్టముండదు, ఆవిడ చెంప పక్కన పేలే తుపాకీకి తప్ప.

"మీ చెయ్యేనండీ" అన్నాను. ఆవిడకు వినపడేలాగే అన్నాను.

బాబాయిగారు కుర్చీలోంచి లేచారు. "పెద్దావిడతో అలాగేనమ్మా మాట్లాడేది? మెల్లిగా చెప్పొచ్చుగా!"

"మెల్లిగా చెబితే నాకు వినపడదని దానికి తెలుసు. నువ్వు కూర్చో" అన్నారు ఆవిడ. గిన్నెలోని మందు గొట్టంలోకి, గొట్టంలోది డబ్బాలోకి పోశారు. కొంచెం బల్ల మీద ఒలికింది. ఎప్పుడూ ఒలికేది కాదు. దాన్ని కాయితంతో ఎత్తి, డబ్బాకు మూత బిగించి, ఫ్యాను వేశారు. ఆ గదిలో ఫ్యాను తిరగడం నేను చూడటం అదే మొదటిసారి. చీర కొంగు ఎగిరి తక్కెడ మీద పడింది. ఎవరూ తీయలేదు.

తర్వాత వారం రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. గది ఖాళీ చేయమంటారేమోనని పుస్తకాలు పెట్టెలో సర్దుకున్నాను. ఒక సాయంత్రం కింది నుంచి కేక వినపడింది. "ఏమే, కిందికి దిగుతావా, నేను మేడెక్కాలా?" విజయవాడ వెళ్లి డాక్టరుకు చూపించుకుని వచ్చారట. వణుకుడు జబ్బేనన్నాడట. ఇది మొదలంట, మందులు వాడితే కొన్నాళ్లు అదుపులో ఉంటుందంట. పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు చెప్పారు. "నువ్వు చెప్పకపోతే ఇంకో ఏడాది యంత్రాన్నే తిట్టేదాన్ని" అన్నారు. ఆ తర్వాత వాకిట్లో మొక్కలకేసి తిరిగారు. కళ్లు తుడుచుకున్నారు. ఓదార్చడం అప్పటికి రాలేదు నాకు, ఇప్పటికీ పెద్దగా రాదు.

రాష్ట్ర పోటీకి వెళ్లలేదు. చెయ్యి బాగున్నప్పుడు, చలికాలంలో నింపిన తూటాలు కొన్ని మిగిలాయి. వాటిని ఒక ఉదయం ఏటి ఒడ్డున కాల్చేశారు. పట్టీ బిగించి తుపాకీ ఆనించాక చెయ్యి ఇంకా మాట వినేది. దుర్బిణీలోంచి చూస్తే రంధ్రాలు ఒకదాన్నొకటి కొరుకుతూ పడుతున్నాయి. "మళ్లీ అక్కడే అండీ!" అని అరుస్తుంటే నా గొంతు బొంగురుపోయింది. ఆవిడ లేచి కాయితం దగ్గరికి నడిచి వెళ్లలేదు. "నువ్వు చూశావుగా" అన్నారు, అంతే. ఆ నెలలోనే తుపాకీని, లైసెన్సును స్టేషన్లో అప్పగించేశారు.

నాకు ఈ ఉద్యోగం వచ్చి మచిలీపట్నం వచ్చేశాక కూడా వీలైనప్పుడల్లా గుడివాడ వెళ్లేదాన్ని. ఆవిడ చెల్లెలు దివిసీమనుంచి వచ్చి తోడుండేది. వెళ్లిన ప్రతిసారీ చెయ్యి ఇంకాస్త ఎక్కువ వణికేది, గొంతు ఇంకాస్త తగ్గేది. ఆ జబ్బు గొంతును కూడా తినేస్తుందట. చివరికి ఆవిడ మాట వినడానికి నేను కుర్చీ మంచానికి ఆనించి, చెవి దగ్గర పెట్టి, "ఏంటండీ?" అని అడగాల్సి వచ్చేది. ఆ మాట నా నోటి వెంట వచ్చినప్పుడల్లా సిగ్గుగా ఉండేది. ఆవిడ మాత్రం కళ్లతో నవ్వేవారు.

ఆఖరిసారి వెళ్లినప్పుడు మా ల్యాబు కబుర్లు చెబుతున్నాను. ఒక తక్కెడ తప్పు చూపిస్తోందని నేనంటే, మా పైఅధికారి "ఇన్నేళ్లు బాగున్నది నువ్వొచ్చాకే చెడిందా" అన్నారని, పరీక్ష బరువు తెచ్చి అందరి ముందే దాని మీద పెట్టానని చెబుతున్నాను. ఇంతలో దుప్పటి మీద ఆవిడ కుడిచెయ్యి పెద్దగా వణకడం మొదలుపెట్టింది. మంచం పక్కన గ్లాసులో చెంచా కూడా గలగలమంది. నేను మాట ఆపేసి, ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. ఆవిడ పెదవులు కదిలాయి. నాకు వినపడలేదు. ఏంటండీ అని వంగాను. ఊపిరి కూడదీసుకుని మళ్లీ అన్నారు.

"దాన్ని వదిలెయ్, వణకనీ. తర్వాత వాడేమన్నాడో అది చెప్పు."